జలమండపంలో ఆరోగ్య రొట్టె

బిట్రగుంట రైల్వే కాలనీలో పెంకులు రాలిపోయిన ఒక పాత బంగళా ముందు ‘సిగ్నల్ సామగ్రి గోడౌను’ అన్న బోర్డు వేలాడుతుంటుంది. ఆ బంగళాలో సిగ్నల్ సామగ్రి ఏనాడూ లేదు. అక్కడున్నది తీరప్రాంత నిఘా విభాగం. ఆ విభాగానికి అధిపతి జ్ఞానప్రకాశం. ఆయన బల్లమీద ఎప్పుడూ ఉండేవి రెండు: ‘టాప్ సీక్రెట్’ అన్న ముద్రవేసిన ఫైలు, దానిమీద గుట్టగా పడే ఉడకబెట్టిన వేరుశనగకాయల తొక్కలు.

“కూర్చో మీరావలీ,” అన్నాడు జ్ఞానప్రకాశం, కాయ ఒలుస్తూ. “రొయ్యలంటే ఇష్టమేనా?”

ఏజెంట్ మీరావలి కూర్చున్నాడు. విభాగంలో అందరికంటె పాత ఏజెంటు. పదవీ విరమణ దగ్గరపడింది. మోకాళ్లు ఆ సంగతిని కార్యాలయం కంటె ముందే గుర్తించాయి.

“తినడం ఇష్టమే సార్. కావలి దగ్గర మా అక్క ముంతాజ్ రొయ్యల గుంటలు పెట్టింది కాబట్టి కొంచెం భయం కూడా ఉంది.”

“ఆ భయం నిజమయ్యే పరిస్థితి వచ్చింది.” జ్ఞానప్రకాశం తొక్కలు పక్కకు తోసి ఒక ఫొటో ముందుకు జరిపాడు. వేలి పొడవున్న సన్నని గాజు ఆంప్యూల్. “దీంట్లో వైరస్ ఉంది. మనుషులకి ఏమీ కాదంటున్నారు మన ల్యాబ్ వాళ్లు. రొయ్యపిల్లకి సోకితే మాత్రం గుంటకి గుంట తెల్లబారి తేలిపోతుంది. ఆపరేషన్ పేరు ‘కోరల్’. చేస్తున్నది విదేశీ ముఠా. మునుపు గూఢచారులుగా పనిచేసి మానుకున్నవాళ్లు.”

“ఏ దేశం కోసం సార్?”

“దేశమేందయ్యా! ఒక వ్యాపార కూటమి. వాళ్ల కోల్డ్ స్టోరేజీల నిండా పాత రొయ్యలు పేరుకుపోయినాయి. మన తీరంలో పంట పోతే వాళ్ల పాచి సరుకు ధర పెరుగుతుంది. అంతే.”

వయసులో ఉన్నప్పుడు మీరావలి వెంటాడిన శత్రువులు రాకెట్ డ్రాయింగుల కోసం ప్రాణాలు పణంగా పెట్టినవాళ్లు. వాళ్లను అతను ద్వేషించాడు. కాని ఆ ద్వేషంలో ఒక మర్యాద ఉండేది. పాచి రొయ్యల కోసం పచ్చని తీరాన్ని చంపదలచినవాణ్ణి ద్వేషించడానికి కూడా మనసొప్పలేదు. అసహ్యం ఒక్కటే కలిగింది.

“దాడి ఎక్కడ?”

“కొత్త ఎయిర్‌పోర్టులో. జలమండపంలో.”

ఆ మండపం అక్కడ వెలసిన క్రమం తెలిస్తేనే ముఠా దాన్ని ఎందుకు ఎంచుకుందో తెలుస్తుంది. కావలికి తూర్పున, ఉప్పుటేటి పక్కన విమానాశ్రయం కట్టారు. ప్రయాణికులు తగినంతమంది రాలేదు. వచ్చేవాళ్లయినా విమానం మారే నాలుగు గంటలూ అక్కడ డబ్బు ఖర్చుపెట్టాలంటే ఒక ఆకర్షణ కావాలన్నారు. అంతస్తుల ఎత్తున గాజు గోపురం లేపి, దాని నడినెత్తినుంచి జలపాతం దూకించాలని నిర్ణయించారు. చుట్టుపక్కల ఊళ్లకే తాగునీరు ట్యాంకర్లమీద వస్తున్నందున మంచినీళ్లకు అనుమతి దొరకలేదు. అందుచేత ఉప్పుటేటి నీళ్లను తోడారు. ఆ నీళ్లకు పాచివాసన ఉంది. క్లోరిన్ కలిపితే వాసనా పోతుంది, క్రిములూ పోతాయి. కాని క్లోరిన్ ఖరీదు. గులాబీ సెంటు చవక. అందుచేత సెంటు కలిపారు. వాడిన నీళ్లను శుద్ధిచేసి వదలాల్సిన యంత్రాన్ని ప్రారంభోత్సవం నాడు ఒక్కసారి తిప్పి ఆపేశారు. ఆ నీళ్లు నేరుగా మళ్లీ ఉప్పుటేట్లోకే పోతాయి. కొంచెం దిగువనే రొయ్యపిల్లల హేచరీలు ఆ ఏటినుంచే నీళ్లు తీసుకుంటాయి. ఆ హేచరీల పిల్లలే సూళ్లూరుపేట వరకు ప్రతి గుంటలోకీ వెళతాయి.

ప్రతి పిసినారితనమూ తరువాతి దానికి దారి తీసింది. చిట్టచివరి దారి ఆంప్యూలుకు దొరికింది.

“ఏటి ఒడ్డున మెరైన్ పోలీసు కాపలా ఉంది,” అన్నాడు జ్ఞానప్రకాశం. “అందుకని వాడు ట్రాన్సిట్ ప్యాసింజర్‌గా దిగుతాడు. వీసా అక్కర్లేదు, ఇమ్మిగ్రేషన్ గడప దాటడు. టూరిస్టులాగా మండపం చూస్తాడు, సరుకు చేతులు మారుస్తాడు, ఇంకో విమానమెక్కి పోతాడు. తీసుకునేవాడు లోపలి మనిషి. నీళ్లు బయటికి పోయే జాలీ ఎక్కడుందో తెలిసినవాడు. సరిగ్గా ఆ జాలీమీద గాజు పగలగొడతాడు. వేరే చోట పగిలితే చెదిరి బలం తగ్గుతుందంట. తగ్గినా మనకి ముప్పే.”

“మండపం మూయించండి సార్.”

“మూస్తే ఆంప్యూల్ ఇంకో దారిలో వస్తుంది. మనిషీ గాజూ రెండూ కలిపి చిక్కాల. రేపటినుంచి అక్కడ రొట్టెల సంబరం పెడుతుండారు. జనం ఉంటారు. మన కాంటాక్ట్ నవోమి. ఎయిర్‌పోర్ట్ పబ్లిక్ రిలేషన్స్ మేనేజర్. ముఠా తమ మనిషే అనుకుంటుండాది. మూడేళ్లుగా మన మనిషి.”

“నా కవర్?”

జ్ఞానప్రకాశం కాయ ఒలవడం ఆపాడు. తల పైకెత్తలేదు. “మండపానికి ఒక మస్కట్ వేషం ఉంది, పిల్లల్ని అలరించేదానికి. ఫ్లెమింగో.”

“సార్.”

“ముక్కులో బయో సెన్సర్ పెట్టించినాం. ఆంప్యూల్ దగ్గరికొస్తే చెవిలో బీప్ వస్తుంది.”

“సార్, నా వయసు—”

“కొంగకి వయసు తెలీదులే. పో.”

*

మరునాడు పొద్దున విమానాశ్రయానికి వెళుతూ మీరావలి కావలి దగ్గర అక్క ఇంటి ముందు బండి ఆపాడు. ముంతాజ్ గుంట గట్టుమీద నిలబడి మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకిలాగి రొయ్యల పొట్టలు చూస్తున్నది. పట్టుబడి, అంటే వలవేసి రొయ్యలు తీసే రోజు, రేపో మాపో. ఈ పంట చేతికొస్తేనే గుంటలు నిలుస్తాయి, పోతే గట్లతో సహా పోతాయి. ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. ట్రే వైపు ఆమె చూసే చూపులో అది ఉంది.

“ఒరేయ్ మీరా, మంచి సమయానికొచ్చినావు,” అంటూ ఆమె ఇంట్లోకి వెళ్లి తెల్లగుడ్డలో చుట్టిన రొట్టె తెచ్చింది. “పోయినేడు మీ బావకి గుండె ఆపరేషన్ అన్నప్పుడు చెరువులో నిలబడి ఆరోగ్య రొట్టె పట్టుకున్నా. మనిషి నిక్షేపంగా ఉండాడు. ఈ యేడు నేను ఇయ్యాల. ఈ రొయ్యల్ని ఇడిచిపెట్టి నెల్లూరికి యాడ పోయేది? డ్యూటీ అయినాక నువ్వు పోయి ఇచ్చిరా.”

నెల్లూరు స్వర్ణాల చెరువులో మొహర్రం రోజుల్లో జరిగే ఆ పండుగ మీరావలికి పసితనంనుంచి తెలుసు. మతమేదైనా జనం నీళ్లలో దిగుతారు. కోరిక నెరవేరినవాళ్లు రొట్టె తెచ్చి, చదువు రొట్టె అనో వీసా రొట్టె అనో సంతాన రొట్టె అనో కేకవేస్తారు. ఆ కోరికే ఉన్నవాళ్లు అడిగి తీసుకుని, అక్కడికక్కడే ఒక ముక్క తింటారు. నెరవేరితే మరుసటి యేడు వాళ్లే రొట్టె తెచ్చి ఇంకొకరికిస్తారు. మీరావలికి నమ్మకం తక్కువ, అక్కంటే భయం ఎక్కువ.

“ఊరికే ఎవురికి పడితే వాళ్లకి కాదు, జబ్బుతో ఉండే ఇంటోళ్లకి ఇయ్యాల,” అన్నది ముంతాజ్. “నీళ్లలో నిలబడి, తలమీద గుడ్డేసుకుని. సరేనా? ఇయ్యకుండా కారులో పెట్టుకుని తిరిగినావో, నీ కథ చెప్తా.”

“సరే ఆపా.”

రొట్టె ఫ్లెమింగో కడుపులోని సంచిలోకి చేరింది.

*

జలమండపం అద్భుతంగా ఉన్నదనే చెప్పాలి. గాజు గోపురం నడుమనుంచి నీటిస్తంభం ఒకటి ఉరుముతూ పడుతున్నది. దాని చుట్టూ రంగులు మారే దీపాలు, ప్లాస్టిక్ మడచెట్లు, స్పీకర్లలోంచి రికార్డు చేసిన పక్షుల కూతలు. నిజమైన పక్షులు సూళ్లూరుపేట వైపు సరస్సులో ఉచితంగా దొరుకుతాయి. బహుశా అందుకే ఎవరికీ అక్కర్లేదు. కింద మోకాలి లోతు కొలను. విమానం మారే ప్రయాణికులు ప్యాంట్లు మడుచుకుని అందులో దిగి, ఒకరి భుజంమీదనుంచి ఒకరు ఫొటోలు తీసుకుంటున్నారు.

దగ్గరకు వెళితే అద్భుతం తగ్గిపోయింది. కొలను అంచున నురుగు పసుపుపచ్చగా కట్టింది. అందులో వెంట్రుకలు, బ్యాండేజీ ముక్క, నానిపోయిన బోర్డింగ్ పాసు, ఉబ్బిన రొట్టె తునకలు తేలుతున్నాయి. గులాబీ సెంటు పాచివాసనను పోగొట్టలేదు. దానికి ముస్తాబు చేసింది, అంతే. గట్టుమీద ఒక కౌంటర్లో రొట్టెలు అమ్ముతున్నారు, సెల్లోఫేన్ కాగితంలో చుట్టి, పైన స్టిక్కర్ అంటించి. ‘వీసా’కు నీలం, ‘లవ్’కు ఎరుపు, మూడు కొంటే ఒకటి ఫ్రీ.

చెరువులో అన్నివేలమంది తొక్కిసలాటలో కూడా ఎవరూ రొట్టెను అమ్మగా మీరావలి చూడలేదు. ఫ్లెమింగో తలలోపల అతని మొహం ముడుచుకున్నది. ఆ తలను నిన్నటిదాకా తొడుక్కున్నవాడి చెమట లోపల ఇంకా తడిగానే ఉన్నది. సెన్సర్ పరిస్థితి అంతకంటె దారుణం. గులాబీ సెంటు తగలగానే చెవిలో బీప్ మొదలై ఇక ఆగలేదు. ప్రయాణికుల మీద, ప్లాస్టిక్ చెట్లమీద, గోడమీద, అన్నింటి మీదా మోగుతున్నది.

“ఈ నీళ్లు ఎక్కడివి?” అని పక్కనుంచి ఒక మెత్తని గొంతు అడిగింది.

“ఆకాశం దగ్గర అరువు తెచ్చాం,” అన్నాడు మీరావలి, ముక్కులోంచి. కోడ్ కలిసింది.

నవోమి నెమలికంఠం రంగు పట్టుచీరలో, మడమల జోళ్లు తడవనంత దూరంలో నిలబడింది. మండపంలోని అందరి చూపులూ జలపాతంమీద సగం, ఆమెమీద సగం ఉన్నాయి. నీళ్లలో కలిపిన సెంటే ఆమె ఒంటిమీదా ఉన్నదని మీరావలి గమనించాడు. ఖరీదు మాత్రం వేరేదిలా ఉంది.

“సెన్సర్ పనిచేస్తోందా?” నవ్వుతూనే అడిగింది.

“పనిచేయకుండా ఇవాళ సెంటు ఇంకా పోయించారెవరో.”

“పాపం. మేనేజ్‌మెంట్ వాళ్లకేం తెలుసు? మీ మనిషి జలపాతం ఎడమపక్క. నీలం కోటు, చేతిలో తోలు సంచి. కళ్లు తిప్పకండి. పొరబాటు జరిగితే నా ప్రాణం పోతుంది, గుర్తుంచుకోండి.”

“మీరు ఎంతమందికి గుర్తు చేస్తుంటారమ్మా ఈ మాట?”

ఆమె నవ్వు ఒక్క క్షణం ఆలస్యమైంది. “మీరు సరదా మనిషి, సర్.” చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని వెళ్లిపోయింది.

నీలం కోటు మనిషి నిజంగానే ఎడమపక్క ఉన్నాడు. బట్టతల. సంచి గుండెకు అదుముకుని నీళ్లకేసి చూస్తున్నాడు. మీరావలి రెక్కలు ఆడించుకుంటూ, పిల్లలకు షేక్‌హ్యాండ్లు ఇచ్చుకుంటూ అతనికి దగ్గరగా మెదలసాగాడు. ఆ మనిషి సంచి తెరిచి, మందుబిళ్ల తీసి, నీళ్లసీసాకోసం వెతుక్కున్నాడు. మళ్లీ మూశాడు. అతనిలో భయం ఉన్నది. కాని అది విమానమంటే భయం.

అప్పుడే జలపాతం కుడిపక్కనుంచి ఒక ఆడగొంతు లేచింది.

“ఇయ్యనంటావేందయ్యా? రొట్టె చేత్తో పట్టుకోని నిలబడి ఇయ్యనంటావా?”

మీరావలి తల, దానితోపాటు పొడవాటి ఫ్లెమింగో ముక్కు, గిర్రున తిరిగాయి.

నల్ల బురఖా మోకాళ్లదాకా ఎత్తికట్టుకున్న ఒక నడివయసు స్త్రీ నీళ్లలో నిలబడి ఉంది. ఆమె ముందు బూడిదరంగు చొక్కా వేసుకున్న ఒక విదేశీయుడు. చేతిలో సెల్లోఫేన్ చుట్టిన ‘ఆరోగ్యం’ స్టిక్కర్ రొట్టె. ముఠా అతనికి పాఠం బాగానే నేర్పింది: నీళ్లలో దిగు, రొట్టెను ఛాతీ ఎత్తున పట్టుకో, నీ మనిషి వచ్చి అడుగుతాడు, ఇచ్చెయ్. వీడియోలు చూసి నేర్చుకున్నవాళ్లకు కనిపించని సంగతి ఒకటి మిగిలిపోయింది. నీళ్లలో పైకెత్తిన రొట్టెను ఎవరైనా అడగవచ్చు, అడిగినవాళ్లకు లేదనకూడదు.

“నో, నో,” అంటున్నాడు అతను. “ఫ్రెండ్. వెయిటింగ్ ఫర్ ఫ్రెండ్.”

“ఫ్రెండ్‌కి ఇంకోటి కొనియ్యి. నేను కువైట్‌నించి వస్తుండా. విశాఖపట్నంలో నా బిడ్డ సుల్తానా ఆసుపత్రిలో ఉండాది, రేపు ఆపరేషన్. కావలిలో పుట్టినదాన్ని, ఇంతదూరం వచ్చి చెరువుకాడికి పోయేదానికి టైం లేక ఈడ దిగినా. ఒక్క ఆరోగ్య రొట్టె అడిగితే లేదంటావా?”

చుట్టూ గల్ఫ్‌నుంచి వచ్చిన ప్రయాణికులే. సగంమంది నెల్లూరు, కడప జిల్లాలవాళ్లు. ఫోన్లు దించారు.

“ఇచ్చెయ్యి దొరా, లేదనకూడదు.”

“మదార్‌బీ, అడుగు నువ్వు, ఇడవబాక!”

“రొట్టె ఇయ్యనోడు నీళ్లలోకి ఎందుకు దిగినాడంట?”

ఆ చివరి ప్రశ్న మీరావలి మనసులో సరిగ్గా అదే మాటల్లో లేచింది. ఇవ్వడానికి వచ్చినవాడు లేదనడు. లేదన్నవాడు ఇవ్వడానికి రాలేదు. నీలం కోటును చూపిన నవోమి పొరబడలేదు, కావాలనే చూపిందన్నమాట. సెన్సర్ పనిచేయకుండా సెంటు ఇంకా పోయించినదెవరో కూడా తేలిపోయింది.

విదేశీయుడు కళ్లతో ఎవరికోసమో వెతికాడు. ఆ చూపు వెంట మీరావలి కూడా చూశాడు. తాడుకట్టి ‘స్టాఫ్ ఓన్లీ’ అని రాసిన మూలనుంచి పంపుల కాంట్రాక్టరు పెంచలప్రసాద్ నీళ్లు తన్నుకుంటూ వస్తున్నాడు. ఆలస్యం చేశాడు. కొత్త బూట్లు విప్పి, మేజోళ్లు మడిచి, వాటిని భద్రంగా దాచి వచ్చాడు. అతను చేరేలోగా గుంపు ఇంకా దగ్గరకు జరిగింది. విదేశీయుడు గోల పెద్దదైతే గార్డులు వస్తారని లెక్కవేసి ఉంటాడు. రొట్టెను మదార్‌బీ చేతిలో పెట్టాడు. తరువాత పెంచలప్రసాద్ ఆమె దగ్గర తీసుకోగలడనుకున్నాడు.

పెంచలప్రసాద్ కూడా అలాగే అనుకున్నాడు. “అక్కా, ఆ రొట్టె నాది. నాకోసం తెచ్చినాడు ఆయన.”

“నీకేం జబ్బు?”

“జబ్బేం లేదు—”

“లేకపోతే ఆరోగ్య రొట్టె నీకెందుకబ్బయా? నా బిడ్డ నయమైతే వచ్చే యేడు రొట్టె తెస్తా, అప్పుడు రా.”

జనం నవ్వారు. పెంచలప్రసాద్ జేబులోంచి నోట్లు తీశాడు. ఆమె మొహం మారిపోయింది.

“రొట్టెకి డబ్బిస్తాడంట చూడండి! ఏ ఊరయ్యా నీది?”

“నెల్లూరే.”

“నెల్లూరోడివై ఉండి సిగ్గు లేదా!”

పెంచలప్రసాద్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. నవ్వుతున్నట్టే పట్టుకుని మెల్లగా తాడు వైపు, నీళ్లు సుడితిరిగే జాలీ వైపు లాగసాగాడు. ఇప్పుడు అతనికి రొట్టె అక్కర్లేదు. అది జాలీమీద ముక్కలైతే చాలు. మదార్‌బీ రొట్టెను రెండు చేతులతో గుండెకు అదుముకున్నది. ఇంకొంచెం గట్టిగా అదిమితే లోపలి గాజు అక్కడే పగులుతుంది. లాక్కున్నా పగులుతుంది. బాంబు అని అరిస్తే వదిలేస్తుంది, నీళ్లలో పడుతుంది. ఆమె ఇష్టపడి, రెండు చేతులతో, నెమ్మదిగా ఇవ్వడం తప్ప ఆ రొట్టె క్షేమంగా చేతులు మారే మార్గం ఈ భూమ్మీద లేదు.

ఫ్లెమింగో నీళ్లలోకి దూకింది.

“ఏయ్ కొంగా, నీ పని చూసుకో,” అన్నాడు పెంచలప్రసాద్.

మీరావలి రెక్కతో అతని మోచేతి నరంమీద ఒక్క దెబ్బ కొట్టాడు. శిక్షణలో నేర్పిన దెబ్బ, ఈకలవల్ల ఎవరికీ కనిపించలేదు. పెంచలప్రసాద్ చెయ్యి చచ్చుబడి జారింది. మీరావలి ఫ్లెమింగో తల తీసి చంకలో పెట్టుకుని, చెమటతో అతుక్కుపోయిన నెరిసిన జుట్టుమీద జేబురుమాలు కప్పుకున్నాడు.

“చెల్లెమ్మా, ఆ రొట్టె ఇచ్చినోడి కోరిక నెరవేరిందో లేదో నీకు తెలుసా?”

మదార్‌బీ గులాబీరంగు ఈకలను కిందినుంచి పైదాకా చూసింది. “నువ్వెవురన్నా?”

“నాది ఈ పక్కనే. మా అక్క ముంతాజ్ పోయినేడు చెరువులో ఆరోగ్య రొట్టె పట్టుకుంది, బావ గుండె ఆపరేషన్‌కి. బావ ఇప్పుడు గుంట గట్టుమీద తిరుగుతుండాడు. ఇదుగో, ఆమె చేత్తో కాల్చిన రొట్టె. ఎవురికో ఇయ్యమని పొద్దున్నే నా చేతిలో పెట్టింది. అది నీకే కాబోలు.”

తెల్లగుడ్డ విప్పాడు. అంచులు కొంచెం మాడిన రొట్టె. నెయ్యివాసన ఆ సెంటుకొలనులో ఒక్క క్షణం మనుషుల ఇంటిని తెచ్చి నిలబెట్టింది. మదార్‌బీ తన చేతిలోని సెల్లోఫేన్ రొట్టెను చూసింది, దీన్ని చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ముంతాజ్ రొట్టె అందుకుని, ముక్క తుంచి నోట్లో పెట్టుకుని, మిగతాది గుడ్డతో సహా గుండెలో దాచుకున్నది.

“ఇంక అది నాకియ్యమ్మా,” అన్నాడు మీరావలి. మెడవెనక పెంచలప్రసాద్ ఊపిరి వినిపిస్తున్నది.

“ఊరికే ఎట్టా ఇచ్చేది? కోరిక చెప్పు.”

“ఏదో ఒకటిలే చెల్లెమ్మా.”

“ఏదో ఒకటేందన్నా? నీళ్లలో నిలబడి అబద్ధం చెప్పగూడదు. నీకేం కావాల?”

ఆ ప్రశ్న అతన్ని ఎవరూ అడిగి చాలా కాలమైంది. చంకలో తడి ఫ్లెమింగో తల, కాళ్లచుట్టూ ఎవరివో వెంట్రుకలు, చెవిలో ఆగని బీప్. జవాబు తనంతట తానే వచ్చింది.

“ఈ ఉద్యోగం మానుకోవాల.”

“ఓయబ్బ! అందరూ ఉద్యోగం రావాలంటే ఈయన పోవాలంటాడే!” జనం గొల్లుమన్నారు. ఆమె కూడా నవ్వి, రెండు చేతులతో రొట్టెను అతని చేతుల్లో పెట్టింది. “తిను. ఈడే తినాల, ఒక ముక్క.”

తుంచితే గాజు విరుగుతుంది. తినకపోతే ఆమె వెనక్కి తీసుకుంటుంది. పక్కనే జాలీ గుటకలు వేస్తున్నది. మీరావలి సెల్లోఫేన్ మెల్లగా ఒలిచి, రొట్టెను తుంచకుండా అలాగే నోటిదగ్గరకు ఎత్తి, ఒక అంచునుంచి నెమ్మదిగా కొరికాడు. మైదా, గులాబీ సెంటు, పాతనూనె. రెండు పొరల నడుమ నాలుకకు చల్లగా, నున్నగా తగిలింది. పెదవులు బిగించి, ఒక పసివాణ్ణి నీళ్లలోంచి ఎత్తినంత జాగ్రత్తగా, దాన్ని దవడలోకి లాక్కున్నాడు. తీరమంతటి రొయ్యల చావు అతని ఎడమబుగ్గలో పడుకుంది.

ఆ క్షణంలోనే పెంచలప్రసాద్ బాగున్న చెయ్యి ముందుకొచ్చింది. మిగిలిన రొట్టెను లాక్కుని, జాలీ మీదికి వంగి, పిడికిట్లో పిండిపిండి చేసి నీళ్లలో చల్లాడు. లేచి విదేశీయుడివైపు చూసి తల ఊపాడు. అయిపోయిందని అర్థం.

విదేశీయుడు వెంటనే తిరిగి గేటువైపు నడిచాడు. అక్కడ ఇద్దరు సూట్‌కేసు ప్రయాణికులు దారి ఇవ్వలేదు. వాళ్లు నిఘా విభాగం మనుషులు. మరో ఇద్దరు పెంచలప్రసాద్‌ను పట్టుకున్నారు. అతను నవ్వుతూనే ఉన్నాడు.

“ఇప్పుడు పట్టుకుంటే ఏం లాభం సార్? పోయింది నీళ్లలో.”

జవాబు చెప్పడానికి మీరావలి నోరు ఖాళీగా లేదు. గట్టెక్కి, కడుపు సంచిలోంచి స్టీలు పెట్టె తీసి, దూది మీదికి ఆంప్యూల్‌ను మెల్లగా వదిలాడు. పెంచలప్రసాద్ నవ్వు ఆగిపోయింది. అప్పుడు మీరావలి కొలనువైపు వంగి, లోపలున్నదంతా కక్కాడు. కొలను రూపురేఖల్లో పెద్ద మార్పేమీ కనిపించలేదు.

“రొట్టెలో గాజా!” మదార్‌బీ నోటిమీద చెయ్యి వేసుకున్నది. “థూ! ఏం మనుషులయ్యా వీళ్లు! బిడ్డకోసం అడిగితే...” తరువాత కంగారుగా, “అన్నా, మీ అక్క రొట్టె మంచిదే కదా?”

“ఆమె రొట్టెలు తినే మా బావ నలభైయేళ్లుగా బతుకుతుండాడు.”

ఆమె విమానానికి పిలుపు వచ్చింది. గుడ్డమూటను గుండెకు ఆనించుకుని రెండడుగులు వేసి ఆగింది. “నయమైతే వచ్చే యేడు రొట్టె ఈడికే తేవాలా?”

“ఇక్కడికి వద్దు. చెరువుకాడికి తీసుకురా.”

*

బిట్రగుంట బంగళాలో జ్ఞానప్రకాశం సంతోషంగా కాయలు ఒలుస్తున్నాడు. విదేశీయుడు అన్నీ ఒప్పుకున్నాడు. హేచరీల నీళ్లు పరీక్షించారు, శుభ్రంగా ఉన్నాయి. ముంతాజ్ పట్టుబడి మొదలుపెట్టింది. జలమండపం మాత్రం మూతపడలేదు. ‘గూఢచారులు పట్టుబడిన జలపాతం’ అన్న కొత్త బోర్డుతో రద్దీ ఇంకా పెరిగింది. ఫ్లెమింగోతో ఫొటోకు వేరే టికెట్ పెట్టారు.

“నవోమి?” అడిగాడు మీరావలి.

“నిజమే, అటూ పనిచేసింది. కానీ పై ఆఫీసుకి ముందే రిపోర్ట్ పంపింది. కావాలనే నీలం కోటును చూపించి, ముఠాకి అనుమానం రాకుండా చేసి, నిన్ను అసలు మనిషి దగ్గరికి నడిపించినానని. ప్రశంసాపత్రం వస్తుండాది. పెద్ద ఎయిర్‌పోర్టుకి ప్రమోషన్ కూడా.”

మీరావలికి మళ్లీ నోట్లో గులాబీ సెంటు రుచి వచ్చింది. లేచి, మడతపెట్టిన కాగితం బల్లమీద పెట్టాడు. జ్ఞానప్రకాశం దాన్ని తొక్కల అడుగుకు నెట్టి, పైనుంచి వచ్చిన ఇంకో కాగితం ముందుకు జరిపాడు.

“రాజీనామా సంగతి తర్వాత. ముందిది చూడు. నీ సేవలు అమూల్యమని సర్వీసు మూడేళ్లు పొడిగించినారు. కంగ్రాట్స్.”

మీరావలి ఆ కాగితం చదివాడు. దొంగ రొట్టె పట్టుకుని, ముక్క మింగకుండా గాజు కక్కినవాడి కోరిక తలకిందులుగా నెరవేరడంలో కార్యకారణపరంగా లోపమేమీ అతనికి కనిపించలేదు. కాయల పొట్లంలోంచి ఒకటి తీసుకుని, ఒలిచి, వాసన చూసి, అందులోనూ గులాబీ సెంటే అనిపించి మళ్లీ అక్కడే పెట్టేశాడు.